ముందు సీట్లా... వెనక తొట్టా?

పికప్ కొనబోయేవాళ్లు ఇంజిన్ గురించి అడుగుతారు. మైలేజీ ఎంతంటారు. నెలకు వాయిదా ఎంత పడుతుందంటారు. క్యాబిన్ ఎంత ఉండాలి, తొట్టి ఎంత ఉండాలి అన్న ప్రశ్న మాత్రం చాలామందికి బండి ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు!

పొట్టి దుప్పటి కప్పుకున్నవాడి పాట్లు అందరికీ తెలిసినవే. తల మీదికి లాక్కుంటే కాళ్లు బయటపడతాయి. కాళ్లు కప్పుకుంటే తల బయటపడుతుంది. పికప్ సంగతీ అంతే. బండి పొడవు ఒక్కటే. అందులో మనుషులకు ఎంత ఇస్తే సరుకుకు అంత తగ్గుతుంది. సరుకుకు ఎంత ఇస్తే మనుషులకు అంత తగ్గుతుంది. రెండూ కావాలంటే బండి పొడుగైపోతుంది. పొడుగు బండి సందులో తిరగదు, ఇంటిముందు పట్టదు.

అందుకే షోరూముకు వెళ్లేముందే ఇంట్లో వాదన మొదలవుతుంది. ‘‘సింగిల్ క్యాబిన్ తీసుకో బావా, లోడు ఎక్కువ పడుద్ది’’ అంటాడు బావమరిది. ‘‘లోడు సరే, అమ్మనీ పిల్లల్నీ ఎక్కడ కూర్చోబెడతారు, తొట్టిలోనా?’’ అంటుంది ఇల్లాలు. ఇద్దరి మాటల్లోనూ న్యాయముంది. ఏ మాట ఆ ఇంటికి సరిపోతుందన్నది తేల్చుకోవాలంటే కాస్త లెక్క చూసుకోవాలి.

వందేళ్ల తగువు

ఈ తగువు ఇవాళ్టిది కాదు. పికప్ పుట్టినప్పుడే పుట్టింది. అమెరికాలో రైతులు మొదట్లో మోడల్ టి కారు కొనుక్కుని, వెనక భాగం తీయించి, చెక్కపెట్టె బిగించుకుని సరుకు మోసుకునేవారు. అది చూసిన ఫోర్డ్ కంపెనీ 1925లో ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ధర 281 డాలర్లు. తొట్టి పొడవు 56 అంగుళాలు, అంటే అయిదడుగులకు నాలుగంగుళాలు తక్కువ. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. అంతే!

తర్వాత తొట్టి పెరుగుతూ పోయింది. ఎనిమిదడుగుల తొట్టి మామూలైంది. దానికో కారణముంది. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అది లోపల పరుచుకుని, వెనక తలుపు మూసుకుంటే తొట్టి సరైనదని అక్కడివాళ్ల లెక్క.

మరి మనుషులో? రైల్వే లైన్లు, కరెంటు లైన్లు వేసేచోట్లకు అయిదారుగురు పనివాళ్లు, పనిముట్లు కలిసి వెళ్లాలి. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రావెలెట్ పేరుతో ఆరుగురు కూర్చునే క్యాబిన్ తెచ్చింది. మొదట్లో దానికి మూడే తలుపులు. 1973లో డాడ్జ్, మరుసటి ఏడాది ఫోర్డ్ మధ్యరకాన్ని తెచ్చాయి. సీట్ల వెనక రెండడుగుల జాగా. అక్కడ చిన్న సీటు వేసుకోవచ్చు, లేదంటే సామాను పెట్టుకోవచ్చు. 2001 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150లోనూ నాలుగు పూర్తి తలుపుల క్యాబిన్ వచ్చింది. ఆ తర్వాత ఇక వెనక్కి తిరిగి చూసింది లేదు. ఒకప్పుడు బండిలో ఎక్కువ భాగం తొట్టి ఉండేది. ఇప్పుడు అక్కడ ఎక్కువగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం క్యాబిన్!

టెక్సాస్‌లో ఉండే మన తెలుగువాళ్లు కూడా పికప్ కొంటే నాలుగు తలుపులదే చూస్తారు. పిల్లలకు వెనక సీటు ఉండాలి కదా. అయితే అక్కడ గ్యారేజీ దగ్గర చిక్కొస్తుంది. ఎఫ్-150నే తీసుకుంటే, రెండు తలుపుల క్యాబిన్‌కు ఎనిమిదడుగుల తొట్టి పెట్టినా బండి పొడవు సుమారు 19 అడుగులు. నాలుగు తలుపుల క్యాబిన్‌కు అయిదున్నర అడుగుల తొట్టి పెడితే అంతకంటే ఇంకో నాలుగంగుళాలు ఎక్కువ. అదే క్యాబిన్‌కు ఆరున్నర అడుగుల తొట్టి కావాలంటే 20 అడుగులు దాటుతుంది. అంటే చిన్న తొట్టి ఉన్నంత మాత్రాన చిన్న బండి అనుకోకూడదు.

మన దగ్గర ఎలా?

మన దేశంలో 1988లో టాటామొబైల్ వచ్చింది. జీపు కాదు, లారీ కాదు, మధ్యరకం. తర్వాత బొలెరో పికప్‌లు ఊరూరా తిరిగాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక లెక్కే మారిపోయింది. ముప్పావు టన్ను మోసే ఆ బుల్లిబండికి జనం పెట్టిన పేరు చోటా హాథీ. మూడు చక్రాల ఆటో దూరే సందులోకి దాదాపు దూరుతుంది, ఏడడుగుల తొట్టి ఉంటుంది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. 2016లో ఇసుజు కంపెనీ మన శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ పెట్టి డి-మాక్స్ వి-క్రాస్ తయారుచేయడం మొదలుపెట్టింది. 2022లో టయోటా హైలక్స్ కూడా దిగింది.

అమెరికాలో మూడు రకాల క్యాబిన్లుంటే మన దగ్గర కొనేవాడి ముందు నిలిచేవి రెండే. సింగిల్ క్యాబిన్, డబుల్ క్యాబిన్. మధ్యరకం ఇక్కడ నిలదొక్కుకోలేదు.

సింగిల్ క్యాబిన్‌లో డ్రైవరు, పక్కన ఒకరు లేదా ఇద్దరు. వెనక తొట్టి ఏడడుగుల నుంచి పదడుగుల వరకు ఉంటుంది. బొలెరో మ్యాక్స్ పికప్‌లలో పెద్దదానికి పదడుగుల తొట్టి ఉంది. డబుల్ క్యాబిన్‌లో అయిదుగురు కూర్చోవచ్చు. బొలెరో క్యాంపర్, వి-క్రాస్, హైలక్స్ ఈ కోవలోవి. వీటి తొట్టి అయిదడుగులకు అటూఇటూ. అంటే వెనక సీటు కోసం చెల్లించే మూల్యం దాదాపు సగం తొట్టి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్క తేలిక.

టేపు జేబులో పెట్టుకోవాలి

బండి చూడటానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సింది చెక్కు పుస్తకం కాదు, కొలిచే టేపు. కరపత్రంలో రాసిన పొడవు ఒకటి, పనికొచ్చే పొడవు ఒకటి. తొట్టి లోపలికి చక్రాల గూళ్లు పొడుచుకొస్తాయా? వస్తే వాటి మధ్య వెడల్పెంత? నాలుగడుగుల షీటు కింద ఆనుతుందా, గూళ్ల మీద వాలిపోతుందా? కొన్ని సింగిల్ క్యాబిన్ బండ్లలో తొట్టి అడుగు చక్రాలకంటే పైన, చాపలా సమంగా ఉంటుంది. సరుకు పేర్చడం సుఖం. కానీ నేలనుంచి ఎత్తు ఎక్కువ. బస్తా ఎక్కించే హమాలీ నడుం ఆ సంగతి చెబుతుంది.

రోజూ మోసే సరుకు ఏమిటో రాసుకుని, దాని కొలత పక్కన రాసుకోవాలి. ప్లైవుడ్, జిప్సం బోర్డు అయితే ఎనిమిదడుగులు. పీవీసీ పైపు 20 అడుగులు. ఇనుప చువ్వలు 40 అడుగులు, మధ్యకు వంచితే 20. ఎనిమిదడుగుల షీట్లు అయిదడుగుల తొట్టిలో వేస్తే మూడడుగులు బయట వేలాడతాయి. వెనకొచ్చే బైకువాడి గుండెల్లోకి దిగే చువ్వలు అలాంటి బండ్లవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఇలా పరిమితి దాటి బయటికి పొడుచుకొచ్చే లోడుకు 20 వేల రూపాయల జరిమానా పెట్టారు.

అలాగని 20 అడుగుల పైపు కోసం 20 అడుగుల బండి కొనేవాడు ఉండడు. పైపులు ఏడాదికి రెండుసార్లు తెచ్చేవాడు ఆ రెండుసార్లూ కిరాయి బండి మాట్లాడుకుంటే సరిపోతుంది. రోజూ తెచ్చేవాడికి పికప్ సరిపోదు. ఏడాదికోసారి పడే పని కోసం మిగిలిన 364 రోజులూ ఇబ్బందిపడటం తెలివైన పని కాదు.

జాగా వేరు... బరువు వేరు

ఇక్కడే చాలామంది పొరబడతారు. తొట్టి నిండితే లోడు నిండినట్టు కాదు. లోడు నిండితే తొట్టి నిండాలనీ లేదు.

ఇసుకనే తీసుకోండి. ఘనపుటడుగు పొడి ఇసుక సుమారు 45 కిలోలుంటుంది. ఎనిమిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న తొట్టిలో అడుగెత్తు పోస్తే 44 ఘనపుటడుగులు. అంటే దాదాపు రెండు టన్నులు! బండి మోయగలిగేది టన్నున్నరే అయితే అడుగెత్తు కూడా పోయకూడదన్నమాట. తడి ఇసుకైతే ఇంకా తక్కువ. ఇసుక, కంకర, ఇటుక, సిమెంటు మోసేవాడికి పొడుగు తొట్టితో పెద్దగా పనిలేదు. గట్టి ఇరుసు, గట్టి కమాన్లు కావాలి. సిమెంటు బస్తా 50 కిలోలు. 20 బస్తాలేస్తే టన్ను. అవి అయిదడుగుల తొట్టిలోనూ పడతాయి.

పత్తి, కోడిగుడ్ల అట్టలు, పూలబుట్టలు, ఖాళీ డబ్బాలు, పరుపులు మోసేవాడి సంగతి దీనికి తిరకాసు. టన్ను బరువు రాకముందే తొట్టి నిండిపోతుంది. వీళ్లకు పొడుగూ ఎత్తూ కావాలి.

టమాటా మధ్యలో ఉంటుంది. క్రేటుకు పాతిక కిలోలు అనుకుంటే టన్నున్నర మోసే సింగిల్ క్యాబిన్‌లో 60 క్రేట్లు. తొమ్మిదడుగుల తొట్టిలో అవి నాలుగు వరసల ఎత్తులో సర్దుకుంటాయి. టన్ను మోసే డబుల్ క్యాబిన్‌లో 40 క్రేట్లు వేయొచ్చని కాగితం చెబుతుంది. కానీ అయిదడుగుల తొట్టిలో వరసకు ఎనిమిది మించి పట్టవు. 40 కావాలంటే అయిదు వరసలు పేర్చాలి. అంటే తొట్టి అడుగు నుంచి మనిషి భుజమంత ఎత్తు. మదనపల్లె మార్కెట్టు చేరేలోపు ఒక్క మలుపు గట్టిగా తిరిగితే పైవరస రోడ్డుమీదే. చివరికి 30 క్రేట్లతో సరిపెట్టుకుంటాడు రైతు. రెండు ట్రిప్పులతో అయ్యే పని నాలుగవుతుంది. డీజిలూ అంతే.

బరువు ఎక్కడ కూర్చుంటుందన్నదీ ముఖ్యమే. సింగిల్ క్యాబిన్ బండిలో తొట్టి సగానికి పైగా వెనక ఇరుసుకు ముందే ఉంటుంది. బరువు నాలుగు చక్రాల మీదా పంచుకుంటుంది. డబుల్ క్యాబిన్‌లో వెనక సీటు ఆ జాగా తినేస్తుంది కాబట్టి తొట్టి వెనక్కి జరుగుతుంది. బరువంతా ఇరుసు మీద, దాని వెనక పడుతుంది. ఏతాం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వెనక దిగితే ముందు లేస్తుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు చేతికి అందదు, బ్రేకు సరిగా పట్టదు. అందుకే డబుల్ క్యాబిన్‌లో బరువైన సరుకు ఎప్పుడూ క్యాబిన్‌కు ఆనించి పేర్చాలి. తేలికవి వెనక వేయాలి.

ఇంకో మాట. చూడటానికి గంభీరంగా ఉన్న బండి ఎక్కువ మోస్తుందనుకోకూడదు. షోకు పికప్‌ల కంటే సాదాసీదా సింగిల్ క్యాబిన్లే ఎక్కువ బరువు మోస్తాయి. మోసే బరువంటే సరుకు ఒక్కటే కాదు, అయిదుగురు ఎక్కితే వాళ్ల బరువు కూడా అందులోదే. ఆర్సీలో బండి ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే అసలు లెక్క. మిగతాదంతా అమ్మేవాడి మాట.

ఎవరికి ఏది?

కూరగాయలు, పాలక్యాన్లు, చేపల పెట్టెలు, దాణా బస్తాలు రోజూ మోసేవాళ్లకు సింగిల్ క్యాబినే నయం. బండి నడిచేది సరుకు మీద, వాయిదా కట్టేది సరుకు. ఊళ్లో సందుల్లో దుకాణాలకు సరుకు వేసేవాళ్లకు అందులోనూ చిన్నది మేలు. పెద్దబండి తీసుకుని సందు మొదట్లో ఆపి, మోపుకూలి ఇచ్చుకోవడమెందుకు?

బోరు మోటార్లు బిగించేవాళ్లు, కరెంటు పనివాళ్లు, సెల్ టవర్ల దగ్గర పనిచేసేవాళ్లు, సోలార్ పలకలు అమర్చేవాళ్లు... వీళ్ల సంగతి వేరు. నలుగురు మనుషులు, ఒక పనిముట్ల పెట్టె, కొంచెం సామాను. ఇలాంటివాళ్ల కోసమే డబుల్ క్యాబిన్ పుట్టింది. ఖరీదైన మీటర్లు, డ్రిల్లు మిషన్లు వెనక సీటు కింద పెట్టి తాళం వేసుకోవచ్చు. వాన పడ్డా తడవవు.

పొలం, ఇల్లు రెండూ ఒకే బండితో నెట్టుకురావాలనుకునే రైతుకే అసలు పరీక్ష. పంట మార్కెట్టుకు చేరాలి. ఎరువు రావాలి. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే కాబట్టి 20 బస్తాలంటే 900 కిలోలు, డబుల్ క్యాబిన్ కూడా మోస్తుంది. మధ్యలో నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పండక్కి అత్తారింటికి వెళ్లాలి. ఇలాంటివాళ్లు నెలరోజులు గోడమీద క్యాలెండర్లో గీతలు పెట్టుకుని చూడాలి. ఇద్దరికంటే ఎక్కువమంది వెళ్లిన రోజున ఒక గీత. అరటన్నుకు మించి సరుకు వెళ్లిన రోజున ఒక సున్నా. పంటకోత నెలలో ఒకసారి, మామూలు నెలలో ఒకసారి ఇలా చేస్తే చాలు. గీతలు ఎక్కువా, సున్నాలు ఎక్కువా? క్యాలెండరు అబద్ధం చెప్పదు.

సున్నాలు ఎక్కువై, గీతలు నాలుగైదే ఉంటే సింగిల్ క్యాబిన్ కొని, ఆ నాలుగైదు రోజులూ ఆటో మాట్లాడుకోవాలి. గీతలు ఎక్కువై సున్నాలు తక్కువైతే డబుల్ క్యాబిన్ కొని, కోతల రోజుల్లో లోడు బండిని కిరాయికి పిలవాలి. రెండూ సమానంగా ఉంటే? అప్పుడొక మూడో దారి ఉంది. చిన్న సింగిల్ క్యాబిన్ ఒకటి, పాత కారు ఒకటి. కొన్నిచోట్ల ఈ రెండూ కలిపినా కొత్త షోకు పికప్ ధర రాదు.

పట్నంలో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వి-క్రాస్, హైలక్స్ రెండూ 5.3 మీటర్ల పొడవు. చాలా అపార్టుమెంట్లలో కారుకు ఇచ్చే జాగా అయిదు మీటర్లు. ముక్కో తోకో పక్కవాళ్ల దారిలో ఉంటుంది. రోజూ తగువే.

డబుల్ క్యాబిన్ కొంటే కారు కొన్నట్టేనని మురిసిపోకూడదు కూడా. బరువు కోసం వేసిన కమాన్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎగరేస్తాయి. వెనక సీటు వీపు చాలా బండ్లలో నిటారుగా ఉంటుంది. నడుంనొప్పి ఉన్న అమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టి, గతుకుల రోడ్డులో పది కిలోమీటర్లు తిప్పి, దిగాక ఆమె ఏమంటుందో విని అప్పుడు డబ్బు కట్టడం మంచిది.

తొట్టిలో మనుషులు

ఇంతవరకు చెప్పింది డబ్బు లెక్క. ఇకనుంచి చెప్పేది ప్రాణాల లెక్క.

మిర్చికోత, పత్తితీత, వరినాట్లు... సీజన్ వస్తే తెల్లారకముందే పికప్ తొట్టిలో పాతికమంది నిలబడి వెళ్లడం తెలుగునాట ఏ పల్లెలోనైనా కనిపించేదే. అందులో ఎక్కువమంది ఆడకూలీలు. పెళ్లివాళ్లూ అంతే, తిరనాళ్లకు వెళ్లేవాళ్లూ అంతే. ఆ రోజుకు ఆ బండి సరుకుబండి కాదు, బస్సు. కానీ బస్సులో ఉండే సీటు లేదు, కడ్డీ లేదు, కప్పు లేదు. నిలబడ్డ మనుషుల బరువు తొట్టి అంచుకంటే పైన ఉంటుంది. మలుపులో అందరూ ఒకవైపు ఒరుగుతారు. బస్తాలైతే కట్టేస్తే కదలవు. మనుషులు కదులుతారు. బండి అటు ఒరిగిందంటే ఇక ఆగదు. ‘బొలెరో బోల్తా, కూలీల మృతి’ అన్న వార్త పేపర్లో చదవని ఏడాది లేదు.

ఆ తర్వాత ఆ కుటుంబాలకు ఎదురయ్యే దెబ్బ ఇంకొకటి. సరుకుబండిలో ప్రయాణించినవాళ్లకు బీమా కంపెనీ పరిహారం ఇవ్వాలా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఓ బీమా కేసులో స్పష్టంగా జవాబిచ్చింది. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు ఆ బీమా వర్తించదంది. 1994లో వచ్చిన చట్టసవరణతో సరుకు యజమానికి, లేదా అతని తరఫున సరుకుతో వెళ్లే మనిషికి రక్షణ దొరికింది. అది కూడా సరుకుతోపాటు వెళుతుంటేనే. కూలికి వెళ్లే పాతికమంది, పెళ్లికి వెళ్లే ముప్పైమంది ఆ లెక్కలోకి రారు. పరిహారం భారం చివరికి బండి యజమాని మీద పడుతుంది. కిస్తీల మీద బండి కొన్నవాడు లక్షలు ఎక్కణ్నుంచి తెస్తాడు? చచ్చినవాళ్ల ఇల్లూ మునుగుతుంది, బండివాడి ఇల్లూ మునుగుతుంది.

క్యాబిన్ ఎంత ఉండాలన్న ప్రశ్న ఇక్కడికొచ్చేసరికి సౌకర్యం ప్రశ్న కాకుండా పోతుంది. రోజూ నలుగురు మనుషుల్ని పొలానికి తీసుకెళ్లాల్సినవాడు సింగిల్ క్యాబిన్ కొన్నాడంటే, ఆ నలుగురూ తొట్టిలో ఎక్కుతారని ముందే నిర్ణయించేసినట్టు. పెద్ద తొట్టి ఉంది కదాని వాళ్లే ఎక్కుతారు, వద్దనడానికి నోరు రాదు. డబుల్ క్యాబిన్ అయితే ఆ నలుగురికీ సీటుంటుంది, తలుపుంటుంది, బెల్టు ఉంటుంది. పాతికమందికైతే ఏ పికప్ కూడా జవాబు కాదు. సీట్లున్న ఆటోలో బస్సో మాట్లాడాల్సిందే. కూలి ఒప్పందంలోనే ఆ కిరాయి సంగతి తేల్చుకోవాలి.

కొందరు తెలివిగా తొట్టిలో బల్లలు వెల్డింగ్ చేయించి, పైన టాపు వేయిస్తారు. బల్ల వేసినంత మాత్రాన తొట్టి క్యాబిన్ కాదు. కంపెనీ ఇచ్చిన తీరును, ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్యను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగిన రోజు బీమావాళ్లు మొదట చూపించేది ఆ బల్లల ఫొటోనే.

కాగితాల్లో దాగిన తేడా

క్యాబిన్, తొట్టి మారితే కాగితాలూ మారతాయి. మొత్తం బరువు 3000 కిలోలు మించని సరుకుబండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. మించితే కావాలి. ఇంకో అడుగు తొట్టి, ఇంకో రెండు క్వింటాళ్ల లోడు కోసం ఆశపడితే కొన్ని మోడళ్లలో ఆ గీత దాటిపోతారు. దాటడం తప్పు కాదు, తెలిసి దాటాలి.

లైసెన్సు విషయంలో ఇప్పుడు కొంత ఊరట. సొంతకారు నడిపే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే 7500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పిచ్చింది. పికప్‌లన్నీ ఆ లోపే.

పసుపు ప్లేటు బండికి ఫిట్‌నెస్ తప్పదు. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. తెల్లప్లేటు మీద సొంతానికి రిజిస్టర్ చేసుకునే డబుల్ క్యాబిన్లకు ఆ తిప్పలు తక్కువ. అయితే దానితో కిరాయిలు కొట్టకూడదు. ‘ఊరికే ఒక్క ట్రిప్పే కదా’ అని పక్కింటివాళ్ల సరుకు డబ్బుకు వేస్తే, దారిలో జరగరానిది జరిగితే బీమా అడ్డం తిరుగుతుంది.

ఓవర్‌లోడుకు 2019 సవరణ చట్టం పెట్టిన జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. ఒక్క ట్రిప్పులో దొరికితే నెలరోజుల మిగులు కరిగిపోతుంది. చిన్న తొట్టి కొని ఎక్కువ నింపడం కంటే, సరైన తొట్టి కొని సరిగ్గా నింపడం చౌక.

చివరగా ఆరు ప్రశ్నలు

బయానా ఇచ్చేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకోవాల్సినవి ఇవి.

నెలలో ఎన్ని రోజులు ఇద్దరికంటే ఎక్కువమంది ఎక్కుతారు? 

ఎక్కువసార్లు మోసే సరుకు పొడవెంత, బరువెంత?

ఆ సరుకు తొట్టిని ముందు నింపుతుందా, ఆర్సీలో రాసిన బరువును ముందు దాటుతుందా?

బండి రాత్రిపూట ఎక్కడ నిలబడుతుంది, అక్కడికి వెళ్లే సందు ఎంత?

తడవకూడనివి, తాళం వేయాల్సినవి ఎన్ని?

సీటు చాలని రోజున ఆ మిగిలిన మనుషులు ఎక్కడ కూర్చుంటారు?

మొదటి అయిదింటికి జవాబు కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు. నాలుగు డబ్బులు ఎక్కువ ఖర్చవుతాయి, రెండు ట్రిప్పులు ఎక్కువ తిరుగుతాయి, అంతే. ఆరో ప్రశ్నకు ‘తొట్టిలో’ అన్న జవాబు వస్తే మాత్రం ఆ బండి ఎంత చౌకగా వచ్చినా ఆ ఇంటికి కాదు. బయానా జేబులోనే ఉంచుకుని పక్క షోరూముకు నడవడం మంచిది.